జీడిమెట్ల నైట్ షిఫ్టులు, అంజిరెడ్డిగారి కబుర్లు

మొన్నామధ్య రాజమండ్రి వైపు ఓ పెళ్ళికి వెళ్ళి వస్తూ కడియం నర్సరీల దగ్గర ఆగాం. మా ఆవిడ సంగతి తెలిసిందే, కారు డిక్కీ నిండితే గానీ కడియం దాటదు. ఆవిడ గులాబీ అంట్లు బేరమాడుతుంటే ఊరికే నిలబడలేక పక్క కుండీలోంచి ఓ ఆకు గిల్లి వేళ్ళ మధ్య నలిపాను. జిరేనియం ఆకు. ముక్కు దగ్గర పెట్టుకున్నానో లేదో కడియం పోయింది, గులాబీలు పోయాయి. హైదరాబాద్ జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీ రేకుల షెడ్డు, అర్ధరాత్రి దాటిన వేళ, స్టీము పైపుల బుసలు, చేతిలో లాగ్ షీటు.

కెమిస్ట్రీతో సంబంధం లేనివాళ్ళకి ఇది వింతగా ఉంటుంది. డైఫినైల్ ఈథర్ అని ఓ రసాయనం ఉంది. దాని వాసన అచ్చం జిరేనియం ఆకు వాసనే. సబ్బుల్లో పరిమళం కోసం కలుపుతారు. మేం మాత్రం దాన్ని నార్‌ఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ తయారీలో వాడేవాళ్ళం. రియాక్టర్‌లో (రసాయనాలు కలిపి వేడి చేసే పెద్ద పాత్ర) రెండొందల నలభై, రెండొందల యాభై డిగ్రీల దాకా వేడి చేస్తే షెడ్డంతా పూలతోట వాసన వచ్చేది. అదే చేత్తో తర్వాతి స్టెప్పులో పైపరజీన్ డ్రమ్ము మూత తీస్తే కుళ్ళిన చేపల కంపు. అటూ ఇటూ కలిపి మా బట్టలకి పట్టిన వాసనకి మాత్రం ఇప్పటిదాకా ఎవరూ పేరు పెట్టలేదు.

"ఏమండీ, ఆ మొక్క కూడా తీసుకుందామా? బాగుంది వాసన" అంది మా ఆవిడ.

"వద్దు. నాకు నైట్ షిఫ్టు కలలొస్తాయి" అన్నాను. నర్సరీ అబ్బాయి నన్ను అదోలా చూశాడు.

విజయవాడ వచ్చేదాకా కారులో నేను పెద్దగా మాట్లాడలేదు. ఆ షెడ్డు గుర్తొస్తే దాని వెనకే నాకు ఒక మనిషి గుర్తొస్తారు. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన కల్లం అంజిరెడ్డిగారు. నిజానికి నేను ఆయన కంపెనీలో ఏనాడూ పని చేయలేదు, ఆయనతో మాట్లాడిందీ లేదు. అయినా నా ఉద్యోగ జీవితం ఓ మలుపు తిరిగిందంటే అది ఆయన గురించి మేం రాత్రిళ్ళు చెప్పుకున్న కబుర్ల వల్లే.

* * *

మాది దుగ్గిరాల దగ్గర ఓ పల్లెటూరు. పసుపు రైతుల ఇల్లు. పసుపు తవ్వకాల రోజుల్లో మా పెరట్లో పెద్ద పెద్ద బానల్లో కొమ్ములు ఉడుకుతుండేవి. ఆ ఆవిరి మొహానికి కొట్టి కనుబొమలు కూడా పచ్చబడేవి. ఎండబెట్టడం, గుండ్రటి డ్రమ్ములో వేసి తిప్పి నునుపు చేయడం, బస్తాలకెత్తి దుగ్గిరాల యార్డుకి తోలడం. ఇదీ నాకు తెలిసిన మొదటి ఫ్యాక్టరీ. ఉడికించడం, ఆరబెట్టడం, తూకం వేయడం అక్కడే నేర్చుకున్నాను. బల్క్ డ్రగ్ (బిళ్ళల్లోకి వెళ్ళే అసలు మందు పొడి) కంపెనీలో చేసిందీ అంతకంటే పెద్ద గొప్ప పనేం కాదు, కాకపోతే లెక్క రాసుకోవాలి.

అప్పట్లో మా వైపు బీయస్సీ కెమిస్ట్రీ పాసైన కుర్రాడికి రెండు దారులు కనపడేవి. బీయెడ్ చేసి బడిపంతులు కావడం, లేకపోతే హైదరాబాద్ బస్సెక్కి "బల్క్ డ్రగ్‌లో" చేరడం. నేను బస్సెక్కాను.

షాపూర్‌నగర్‌లో ఒక గది. నలుగురం. మంచాలు రెండే. మూడు షిఫ్టులు కాబట్టి ఎప్పుడూ ఇద్దరు డ్యూటీలోనే ఉండేవాళ్ళు, మంచం చల్లారేది కాదు. కిరసనాయిలు స్టవ్వు మీద అన్నం, ఊరి నుంచి వచ్చిన గోంగూర పచ్చడి. బస్సెక్కితే మా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే, అంత గుప్పుమనేది మా చొక్కాల నుంచి. కండక్టరు టికెట్ కొట్టకుండానే "జీడిమెట్లేనా?" అనేవాడు.

ఓ ఆదివారం నలుగురం తలా కొంత వేసుకుని ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక ఆర్గానిక్ కెమిస్ట్రీ పుస్తకం కొన్నాం. అట్ట ఊడిపోయిన పాత పుస్తకం. ఎవరో మెడికల్ విద్యార్థి పేరు కొట్టేసి ఉంది. గదిలో అదొక్కటే అందరి ఉమ్మడి ఆస్తి. డ్యూటీకి వెళ్ళేవాడు చదువుతున్న పేజీలో అగ్గిపుల్ల పెట్టి వెళ్ళాలని నియమం.

పొద్దున బాలానగర్ వైపు నుంచి ఫ్యాక్టరీల సైరన్లు ఒకదాని వెనక ఒకటి వినిపించేవి. ఇప్పుడు అటు వెళితే ఫ్లైఓవర్ మీద నుంచి జారిపోతాం, కింద ఏముందో కనిపించదు. ఆ రోజుల్లో సైకిళ్ళే సైకిళ్ళు. క్యారేజీలు హ్యాండిల్‌కి తగిలించుకుని వెళ్ళే జనంతో రోడ్డు నిండిపోయేది.

* * *

నైట్ షిఫ్టంటే అరగంటకోసారి టెంపరేచర్ చూసి లాగ్ షీట్‌లో రాయడం. మధ్యలో వాక్యూమ్ పంపు టకటక, బాయిలర్ వైపు నుంచి ఉండుండి సేఫ్టీ వాల్వు ఉలిక్కిపడడం, మాలుని గిరగిరా తిప్పి ద్రావకం వడగట్టే సెంట్రిఫ్యూజు రొద. మెదక్ నుంచి వచ్చిన ఓ హెల్పరు ఉండేవాడు. చదువు లేదు. కానీ సెంట్రిఫ్యూజు దగ్గర బీడీ ఒకటి చెవి మీద పెట్టుకుని కూర్చుని (వెలిగించకూడదు కదా, ఊరికే పెట్టుకునేవాడు), చప్పుడు విని చెప్పేవాడు. "సార్, దీని గొంతు మారింది, జర సూడుండ్రి." ఆపి చూస్తే బుట్టలో ఒకవైపు మాలు ఎక్కువ పడి అదురుతుండేది. ఇప్పుడా పని సెన్సర్లు చేస్తున్నాయి. ఆ చెవులు ఎటు పోయాయో.

రియాక్షను ఎంతదాకా వచ్చిందో తెలియాలంటే టీఎల్‌సీ ప్లేటు. చూపుడు వేలంత గాజు పలక మీద తెల్లటి సిలికా పూత, దాని మీద సన్నటి గొట్టంతో రెండు చుక్కలు. ద్రావకంలో నిలబెట్టి, ఆరబెట్టి, అయోడిన్ పలుకులున్న సీసాలో వేస్తే కాసేపటికి గోధుమరంగు మచ్చలు తేలేవి. కింది మచ్చ మాయమైతే రియాక్షన్ అయిపోయినట్టు. మాయం కాకపోతే ఇంకో గంట కూర్చోవాలి. ఆ మచ్చ కోసం ఎదురుచూస్తూ చెప్పుకున్నవే అంజిరెడ్డిగారి కబుర్లు.

చెప్పేది మా షిఫ్ట్ ఇన్‌చార్జి. ఐడీపీఎల్ నుంచి వచ్చిన మనిషి. సన్నగా, పొడుగ్గా, తెల్లకోటు జేబులో ఎప్పుడూ ఓ స్లైడ్ రూలు, లెక్కలు చేసే జారుడు స్కేలు. కాలిక్యులేటర్లు వచ్చాక కూడా దాన్ని వదల్లేదు. ఆయనకి ఐడీపీఎల్ అంటే పుట్టిల్లు. 1961లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన కంపెనీ అది. రష్యావాళ్ళ సాయంతో బాలానగర్‌లో సింథటిక్ మందుల ఫ్యాక్టరీ కట్టారు. "ఈ జీడిమెట్లలో ఏ షెడ్డు తలుపు తట్టినా లోపలి నుంచి ఐడీపీఎల్ వాడే వస్తాడయ్యా" అనేవాడాయన. అందులో అతిశయోక్తి ఎంతో లేదు. హైదరాబాద్ బల్క్ డ్రగ్స్‌కి రాజధాని అయిందంటే మొదటి విత్తనం అక్కడిదే. తర్వాత ఆ ఐడీపీఎల్లే నష్టాల్లో మునిగి ఖాయిలా పడిపోవడం, చౌరస్తాకి మాత్రం పేరు మిగలడం వేరే కథ.

అంజిరెడ్డిగారూ అక్కడి నుంచి వచ్చినవారే. మాకు ఆయన కథ కంఠతా వచ్చేసింది. తాడేపల్లిలో పసుపు రైతు కొడుకు. గుంటూరు ఏసీ కాలేజీలో బీయస్సీ, బొంబాయి యూనివర్సిటీ కెమికల్ టెక్నాలజీ విభాగం యూడీసీటీలో మందుల టెక్నాలజీ, పూణేలో జాతీయ రసాయన ప్రయోగశాల ఎన్‌సీఎల్ నుంచి 1969లో పీహెచ్‌డీ. ఐడీపీఎల్‌లో ఉద్యోగం. 1976లో బయటికొచ్చి యూనిలాయిడ్స్, 1980లో స్టాండర్డ్ ఆర్గానిక్స్, చివరికి 1984లో పాతిక లక్షల పెట్టుబడితో సొంత పేరు మీద కంపెనీ. మొదటి సరుకు మిథైల్‌డోపా, రక్తపోటు మందు.

పసుపు రైతు కొడుకు అన్న మాట దగ్గర నేను ప్రతిసారీ నిటారుగా కూర్చునేవాణ్ణి. తాడేపల్లి మా ఊరికి ఎంత దూరం? అటు ఆ బానలే, ఇటు ఈ బానలే.

"వ్యాపారం చేసేవాళ్ళు బోలెడుమంది. మందు అణువు స్ట్రక్చరు బోర్డు మీద గీసి, ఇక్కడ ఈ బంధం ఎందుకు తెగుతుందో చెప్పగల యజమాని ఎంతమంది?" అనేవాడు మా ఇన్‌చార్జి. మేం నలుగురం రెండు రియాక్టర్లతో సొంత యూనిట్ పెట్టాలని కలలుగనే వయసు. ఆయన చెప్పేది మాకు యజమాని అన్న దగ్గరే ఆగిపోయేది. బోర్డు మీద గీయడం అన్న సంగతి బుర్రకెక్కడానికి చాలా ఏళ్ళు పట్టింది.

పేటెంట్ చట్టం గురించి కూడా ఆయన దగ్గరే విన్నాను. 1970లో చేసిన చట్టం, 1972లో అమల్లోకి వచ్చింది. మందు మీద పేటెంటు ఉండదు, తయారుచేసే పద్ధతి మీదే ఉంటుంది. నార్‌ఫ్లాక్ససిన్ జపాన్‌లో క్యోరిన్ కంపెనీవాళ్ళు కనిపెట్టిన మందు. దాన్ని మనం ఇంకో దారిలో చేసుకోవచ్చు. "వాడు మంగళగిరి మీదుగా బెజవాడ వెళితే మనం తెనాలి మీదుగా వెళతాం. బెజవాడ చేరామా లేదా అంతే" అన్నాడు. ఆ ఒక్క ముక్కతో చట్టం మొత్తం అర్థమైపోయింది. ఆ చట్టమే లేకపోతే జీడిమెట్ల లేదు, షాపూర్‌నగర్‌లో మా గదీ లేదు.

ఆయనకొక అలవాటుండేది. బ్యాచ్ అన్‌లోడ్ అయింది, యీల్డు (చేతికొచ్చిన మాలు) బాగా వచ్చింది, అందరం టీకి లేస్తున్నాం అనగానే "మరి మదర్ లిక్కర్‌లో ఏముందో చూశావా?" అనేవాడు. మదర్ లిక్కరంటే మాలు వడగట్టాక మిగిలిన ద్రావకం. అందులో ఇంకా కొంత మాలు కరిగి ఉంటుంది. చాలామంది దాన్ని డ్రమ్ముల్లో పోసి పక్కన పడేసేవాళ్ళు. ఈయన శాంపిల్ తీయించి, ఎండబెట్టించి, తూకం వేయించి, కాగితం మీద అంకె రాయించేదాకా వదిలేవాడు కాదు. టీ చల్లారిపోయేది. వెనక తిట్టుకునేవాళ్ళం.

* * *

వారం సెలవు రోజున అందరూ సినిమాకి వెళితే నేను తార్నాక వెళ్ళేవాణ్ణి. మొదట్లో మా ఇన్‌చార్జి పోరు పడలేక, తర్వాత ఇష్టంగానే. అక్కడి ప్రభుత్వ పరిశోధనశాల ఆర్‌ఆర్‌ఎల్ లైబ్రరీలో (తర్వాత ఐఐసీటీ అని పేరు మార్చారు) కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ సంపుటాలు గోడ పొడుగూతా ఉండేవి. ప్రపంచంలో ఎక్కడ ఏ రసాయనం మీద ఏ కాగితం అచ్చయినా దాని సారాంశం నాలుగు లైన్లలో అందులో ఉంటుంది. ముందు ఇండెక్సులో పేరు వెతకాలి, అక్కడో నంబరు దొరుకుతుంది, ఆ నంబరు పట్టుకుని ఇంకో సంపుటం తీయాలి, అది ఎవరో తీసి వేరే అరలో పెట్టి ఉంటారు. ఇటుకంత బరువు, దుమ్ము, సన్నటి అక్షరాలు. జిరాక్సుకి డబ్బులుండవు కాబట్టి నోట్‌బుక్‌లో రాసుకోవడం. ఒక పూటంతా వెతికితే పనికొచ్చే ముక్క ఒకటి దొరికితే దొరికినట్టు.

ఇవాళ మా అమ్మాయి అదే పని ఫోన్‌లో టీ తాగేలోపు చేస్తుంది. బాగానే ఉంది. కానీ వెతుకుతున్నది కాక పక్క పేజీలో కనపడి ఆపేసినవి కొన్ని ఉండేవి. నాకు తెలిసిన కెమిస్ట్రీలో సగం పక్క పేజీల్లోదే.

అంజిరెడ్డిగారు పెద్ద కంపెనీ యజమాని అయ్యాక కూడా పత్రికలు తిరగేసి కెమిస్టులతో రియాక్షన్ల గురించి మాట్లాడతారని మా లోకంలో ప్రచారం. ఎంత నిజమో నాకేం తెలుసు. కానీ ఆ మాట నమ్మడం వల్ల నాకు మేలే జరిగింది. లైబ్రరీ బల్ల దగ్గర నిద్ర ముంచుకొచ్చినప్పుడు, ఆయనకే అవసరమైతే నాకెందుకు అవసరం కాదు అనుకునేవాణ్ణి.

* * *

మా నాన్నకి కడుపులో మంట. పసుపు బేరాల రోజుల్లో వేళకి తిండి లేక తెచ్చుకున్న రోగం. సోడా తాగేవాడు, మజ్జిగ తాగేవాడు, మంట తగ్గితే మళ్ళీ పచ్చిమిరపకాయ కొరికేవాడు. నేను సెలవుకి వెళ్ళినప్పుడల్లా మందులషాపు నుంచి ఏదో ఒకటి తెచ్చిపెట్టేవాణ్ణి. ఓసారి తెనాలి డాక్టరుగారు ఒమెజ్ రాశారు. ఒమెప్రజోల్, స్వీడన్ కంపెనీ ఆస్ట్రా మందు. మనవాళ్ళు ఇక్కడ చేసి అమ్ముతున్నది డాక్టర్ రెడ్డీస్ వాళ్ళ ఒమెజ్.

నాన్నకి నా ఉద్యోగం ఏంటో ఎప్పుడూ అర్థం కాలేదు. "మందుల కంపెనీ అంటావు, ఒక్క మందుబిళ్ళా తేవు" అనేవాడు. బల్క్ డ్రగ్ అంటే పొడి మాత్రమే చేస్తాం, బిళ్ళ ఇంకెవరో చేస్తారు అని చెబితే "పసుపు కొమ్ములమ్మినట్టా" అన్నాడు. సరిగ్గా అదే అన్నాను. ఒమెజ్ పట్టీ చూపించి, ఇది చేసింది తాడేపల్లి పసుపు రైతు కొడుకు అని చెబితే పట్టీని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ తర్వాత నెలలు గడిచినా మందులషాపులో "ఆ తాడేపల్లోళ్ళ బిళ్ళ" అని అడిగేవాడట. షాపతనే నవ్వుతూ చెప్పాడు.

* * *

1993లో అంజిరెడ్డిగారు మియాపూర్‌లో పరిశోధన సంస్థ పెట్టారు. కొత్త మందులు కనిపెట్టడానికి. జీడిమెట్ల టీకొట్ల దగ్గర దీని మీద జరిగిన చర్చ ఇంతా అంతా కాదు. "బంగారంలాంటి వ్యాపారం పెట్టుకుని ఈయనకెందుకు ఈ పిచ్చి?" అన్నవాళ్ళే ఎక్కువ. ఒక కొత్త మందు బయటికి రావాలంటే పదేళ్ళకి పైగా పడుతుంది, వచ్చేదాకా ఖర్చే. పాత మందుని కొత్త దారిలో చేస్తే ఆర్నెల్లలో డబ్బు. ఏది తెలివైన పని?

మా ఇన్‌చార్జి మాత్రం వేరే లెక్క చెప్పాడు. ప్రపంచ వాణిజ్య ఒప్పందం మీద చర్చలు నడుస్తున్నాయి, మందు మీద పేటెంటు మళ్ళీ రాక తప్పదు, అప్పుడు తెనాలి రోడ్డు మూసేస్తారు అన్నాడు. 2005లో చట్టం మారి నిజంగానే మూసేశారు. అప్పటికి ఈయన రిటైరై పదేళ్ళు దాటింది.

నా మనసులో నాటుకుపోయింది ఆ మియాపూర్ సంగతే. తెలిసిన పని చేతికి బాగా అలవాటై డబ్బు రాలుతున్న రోజుల్లో, బతుకుదెరువు బెంగ లేని మనిషి, ఏమీ తెలియని పనికి మళ్ళీ విద్యార్థిగా కూర్చోవడం. కష్టమొచ్చి దారి మార్చుకునేవాళ్ళని మా ఊళ్ళో కూడా చూశాను. పసుపు ధర పడిపోతే అరటి వేస్తారు. ధర బాగున్నప్పుడు కొత్త పంట మడి వేసినవాణ్ణి మాత్రం చూడలేదు.

1997లో వాళ్ళ ల్యాబులో పుట్టిన బాలాగ్లిటజోన్ అనే మధుమేహం మందుని డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్ లైసెన్స్ తీసుకుంది. ఇండియాలో పుట్టిన మాలిక్యూల్‌ని విదేశీ కంపెనీ కొనుక్కోవడం అదే మొదటిసారి. ఆ రోజు పేపరు ముక్క మా కంపెనీ నోటీసు బోర్డు మీద ఎవరో అంటించారు. మాకు సంబంధం లేని కంపెనీ వార్త, అయినా ఎవరూ చింపలేదు. 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో షేర్ల నమోదు, అదే ఏడాది ఆగస్టులో అమెరికాలో డిప్రెషన్ మందు ఫ్లుయోక్సెటిన్ 40 మిల్లీగ్రాముల క్యాప్సూల్స్ ఆర్నెల్ల పాటు వాళ్ళొక్కళ్ళే అమ్ముకునే హక్కు. అన్నీ గెలుపులే.

2002లో దెబ్బ తగిలింది. రాగాగ్లిటజార్ అనే ఇంకో మాలిక్యూల్ మనుషుల మీద పరీక్షల్లో చివరి దశదాకా వెళ్ళింది. ఎలుకల మూత్రాశయంలో కణితులు కనిపించాయని నోవో నార్డిస్క్ ఆపేసింది. షేరు పడింది. టీకొట్టు దగ్గర "ఎలకలు ముంచాయిరా" అని జోకులు. అంజిరెడ్డిగారు ల్యాబు మూయలేదు. ఆ తర్వాతా పరిశోధన నడిచింది, ఆయన 2013లో పోయేనాటికి ఆ ల్యాబులో పుట్టిన కొత్త మందు ఒక్కటీ మార్కెట్‌కి రాలేదు. ఇది గెలుపు కథగా చెప్పేవాళ్ళు ఈ వాక్యాన్ని వదిలేస్తారు. నాకు మాత్రం ఆయన ఈ వాక్యంతో కలిపితేనే పూర్తిగా కనిపిస్తారు.

అన్నట్టు, ఆయన కంపెనీ పట్టిందల్లా బంగారమేం కాలేదు. 2006లో జర్మనీలో బీటాఫార్మ్‌ని 48 కోట్ల యూరోలు పెట్టి కొంటే, అక్కడ టెండర్ల పద్ధతి వచ్చి మందుల ధరలు కుప్పకూలి, పెద్ద మొత్తమే నష్టం కింద రాసేసుకోవాల్సి వచ్చింది. వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లో ఆయన బొమ్మ వేసి చెప్పేవాళ్ళకి ఇలాంటివి చేదు.

* * *

ఇంకో చేదు కూడా చెప్పాలి, ఇది ఆయనొక్కరిదో ఒక కంపెనీదో కాదు, మా అందరిదీ. జీడిమెట్ల నాలా రోజుకో రంగులో పారేది. ఒకనాడు పసుపు, ఒకనాడు ఇటుక ఎరుపు. పటాన్‌చెరు, బొల్లారం వైపు పరిశ్రమల నీళ్ళు నక్కవాగులో కలిసి పొలాలు, బోర్లు పాడయ్యాయి. ఆ గోడు 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మందు చౌకగా దొరికిన ప్రతి ఇంటికీ కనపడని బిల్లు ఒకటి ఆ ఊళ్ళవాళ్ళు కట్టారు. మా తరం కెమిస్టులకి యీల్డు లెక్క నేర్పారు, నాలా లెక్క నేర్పలేదు. మా సెంట్రిఫ్యూజు హెల్పరుది అటువైపు ఊరే. ఓసారి పండక్కి ఇంటికెళ్ళి వచ్చి, "సార్, మా బాయి నీళ్ళు గీ షెడ్డు వాసనే వస్తున్నయ్" అన్నాడు. ఆ మాటకి షెడ్డులో ఎవరి దగ్గరా సమాధానం లేదు.

* * *

నాకు ప్రొడక్షన్ మేనేజరుగా అవకాశం వచ్చిన ఏడాదే, అదే కంపెనీలో చిన్న ఆర్‌అండ్‌డీ (పరిశోధన) ల్యాబు పెడుతున్నారు. మేనేజరైతే జీతం పెరుగుతుంది, స్కూటర్ అలవెన్సు, నైట్ షిఫ్టులుండవు. ల్యాబులో అయితే అదే జీతం, పైగా నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాళ్ళ పక్కన బెంచీ మీద నిలబడాలి. ల్యాబు అడిగాను.

"జీతం పెరగని ప్రమోషన్ ఏంటండీ? మా అన్నయ్యకి ఏం చెప్పమంటారు?" అంది మా ఆవిడ. న్యాయమైన ప్రశ్న. అంజిరెడ్డిగారి మియాపూర్ గురించి చెప్పబోయాను. "ఆయనకి కంపెనీ ఉంది, మనకి పిల్ల ఫీజుంది" అంది. దానికీ నా దగ్గర జవాబు లేదు. అయినా వెళ్ళాను.

మొదటి రోజు ఓ ఎమ్మెస్సీ కుర్రాడు హెచ్‌పీఎల్‌సీ మిషను చూపించాడు. సిరంజితో ఇంజెక్ట్ చేస్తే కాగితం మీద కొండలు, లోయలు గీస్తుంది. ప్రతి కొండా (పీకు అంటారు) ఒక పదార్థం. నేను టీఎల్‌సీలో ఒకే మచ్చ చూసి స్వచ్ఛం అనుకున్న శాంపిల్‌ని అందులో పెడితే నాలుగు బుడిపెలు తేలాయి. ఆ కుర్రాడు "సార్, ఇది అరశాతం, ఇది పావు శాతం" అని చెబుతుంటే, ఇన్నాళ్ళూ నాకు కనపడకుండా పోయినవాటిని వరసగా పరిచయం చేస్తున్నట్టుంది. వాడి పక్కన స్టూలు వేసుకుని నోట్‌బుక్ తీశాను. వాడికి ఇబ్బంది. "మీరు రాసుకోకండి సార్, నేను చేసి పెడతాను" అన్నాడు. నేను వినలేదు. ఆ వయసులో కొత్త పదాలు బుర్రలో నిలవవు, రాత్రి ఇంట్లో మళ్ళీ చదివేవాణ్ణి. మా అమ్మాయి ఆరో తరగతి లెక్కలు ఒకవైపు, నా పీకుల లెక్కలు ఒకవైపు, ఒకే బల్ల.

ఆ ల్యాబులో నేను సొంతంగా తేల్చిన మొదటి పని ఏంటంటే, అప్పటికే నడుస్తున్న ఓ ప్రాసెస్‌లో పోతున్న మాలు ఎక్కడ పోతోందో పట్టుకోవడం. ఇంకెక్కడ, మదర్ లిక్కర్‌లోనే. ద్రావకాల పాళ్ళు మార్చి, నెమ్మదిగా చల్లార్చితే పోయేదాంట్లో చాలా భాగం తిరిగొచ్చింది. రిపోర్టు టైపు చేయించి మా పాత ఇన్‌చార్జిగారికి చూపిద్దామని కూకట్‌పల్లిలో వాళ్ళింటికి పట్టుకెళ్ళాను. అప్పటికి చూపు మందగించింది. కాగితం కళ్ళకి ఆనించుకుని చివరి అంకె దగ్గర ఆగి, "మిగిలింది ఏం చేస్తున్నారు?" అన్నాడు. కాఫీ తెచ్చిన వాళ్ళావిడ నవ్వుతూ "ఈయనింతే నాయనా, కూరలో ఉప్పు ఎంతేశావంటే కూడా తూకం అడుగుతాడు" అంది.

* * *

2013 మార్చి 15న అంజిరెడ్డిగారు పోయారు. కాలేయ క్యాన్సర్. ఆ సాయంత్రం పాత గది మిత్రుల ఫోన్లు వరసగా. ఒకడికి పాశమైలారం దగ్గర సొంత యూనిట్ ఉంది, చిన్నదే, కానీ రెండు రియాక్టర్లతో కల నిజం చేసుకున్నవాడు. ఒకడు స్కూలు పెట్టాడు. ఒకడు న్యూజెర్సీలో జనరిక్స్ కంపెనీలో క్వాలిటీ చూస్తున్నాడు. మాలో ఎవరమూ ఆయన్ని దగ్గరగా చూసినవాళ్ళం కాదు. అయినా ఇంట్లో పెద్దాయన పోయినట్టు మాట్లాడుకున్నాం. యూనిట్ ఉన్నవాడు మాత్రం "ఆయన కొత్త మందు బయటికొచ్చి ఉంటే బాగుండేదిరా" అని ఊరుకున్నాడు.

ఇప్పుడు వాట్సాప్ గ్రూపు ఉంది. ఏటా మార్చి 15న ఎవరో ఒకరు ఆయన ఫొటో పెడతారు, దండాలు పెడతాం, మూడో మెసేజికల్లా మాట దారి తప్పుతుంది. ఈ ఏడాది దారి తప్పింది ఆబిడ్స్ పుస్తకం దగ్గర. ఎవడి దగ్గరుందో తేలలేదు. స్కూలు వాడు నా మీద, నేను యూనిట్ వాడి మీద తోసుకున్నాం. "నా దగ్గరుంటే నా యూనిట్ ఇంకో రెండు రియాక్టర్లు పెరిగేది" అని వాడి సమాధానం. అగ్గిపుల్ల పెట్టకుండా పేజీలు మడతపెట్టేవాడెవడు అని పాత కేసొకటి తిరగదోడారు. సాయంత్రానికి న్యూజెర్సీ వాడు నిద్రలేచి ఓ ఫొటో పంపాడు. అట్ట లేని మొదటి పేజీ, కొట్టేసిన పేరు, దాని పక్కన గోంగూర నూనె మరక. కింద రాశాడు: "కావాల్సినవాడు వచ్చి తీసుకెళ్ళండి. వీసా ఖర్చు మీదే."